నరైన్ కార్తికేయన్: సొంత సీటు, ఉమ్మడి సీటు

నరైన్ కార్తికేయన్ (జననం: 1977 జనవరి 14, కోయంబత్తూరు) ఫార్ములా వన్ పందెంలో కారు నడిపిన తొలి భారతీయుడు. ఆ పోటీల్లో మొత్తం 46 సార్లు పందేనికి దిగి 5 పాయింట్లు సంపాదించాడు. 2010లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. పేరు చెప్పగానే ఎవరైనా చెప్పేవి ఈ మూడు ముక్కలే. అయితే అతని వృత్తి జీవితంలో సగం ఫార్ములా వన్ బయట గడిచింది. ఇంగ్లండులో, జపాన్‌లో, అమెరికాలో రకరకాల కార్లు తోలాడు. వాటిలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే స్టీరింగ్ పంచుకునే స్పోర్ట్స్ కార్లూ ఉన్నాయి. డ్రైవర్‌గా అతని అత్యుత్తమ దినం ఏదని అడిగితే, ఈ వ్యాసకర్త లెక్కలో అది ఫార్ములా వన్‌లోది కాదు. 2019 నవంబరులో జపాన్‌లోని ఫుజీ ట్రాక్ మీద, జర్మన్ టూరింగ్ కార్ల యోధులు బరిలో ఉండగా, 42 ఏళ్ల వయసులో గెలిచిన ఆదివారం అది.

కోయంబత్తూరు, తెలుగు ఇళ్లు

కోయంబత్తూరు తమిళ నగరమే అయినా అక్కడి మిల్లుల చరిత్రలో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాల వాటా పెద్దది. విజయనగర, నాయకరాజుల కాలంలో దక్షిణానికి తరలిన కమ్మనాయుళ్లు మొదట నల్లరేగడి పొలాల్లో పత్తి పండించారు. తర్వాత ఆ పత్తిని వడికే మిల్లులు పెట్టారు. ఆపైన మిల్లులకు కావలసిన మోటార్లు, పంపులు, యంత్రాలు తామే తయారు చేయసాగారు. 1937లో దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు చేయించిన జి.డి. నాయుడు ఈ వర్గం వాడే. బస్సుల కంపెనీతో మొదలుపెట్టి రేడియోల దాకా విప్పి చూడని యంత్రం లేదాయనకు. ఇప్పటికీ ఆ కుటుంబం పేరుమీద కోయంబత్తూరులో పాతకార్ల మ్యూజియం ఉంది. ఇంజను విప్పడం ఇంట్లో పిల్లల ఆటగా సాగిన ఊరు అది. దేశంలో మోటారు పందేలకు ఆ ఊరే పుట్టిల్లు కావడంలో ఆశ్చర్యం లేదు.

లక్ష్మీ మిల్స్ స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడు కుటుంబంలో 1954లో పుట్టినవాడు సుందరం కరివర్ధన్. ఆనాటి పందేలకు వేదిక మద్రాసు పక్కన షోళవరం. రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వే అది. దాన్నే ట్రాకుగా వాడుకునేవారు. గడ్డిమోపులు, పాత టైర్లే అడ్డుగోడలు. కరివర్ధన్ అక్కడ పందేలు గెలవడంతో ఆగలేదు. విదేశీ కారు తెప్పించే స్తోమత లేని కుర్రాళ్ల కోసం మారుతి 800 ఇంజనుతో, దాని మూడు సిలిండర్ల 796 సీసీ బలంతో, ఒక్క సీటు పందెపు కారు తయారు చేశాడు. 1980ల చివర్లో వచ్చిన ఆ బండే ఫార్ములా మారుతిగా పేరుపొందింది. డబ్బున్న నలుగురి సరదాగా ఉన్న ఆటలోకి మామూలు మెకానిక్ కొడుకు కూడా కాలు పెట్టగలిగాడంటే ఆ కారు పుణ్యమే. 1995లో విమాన ప్రమాదంలో కరివర్ధన్ చనిపోయాడు. కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలోని 2.1 కిలోమీటర్ల ట్రాకుకు ఆయన పేరే పెట్టారు: కరి మోటార్ స్పీడ్‌వే.

నరైన్ ఈ కరివర్ధన్‌కు దగ్గరి బంధువు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ జాతీయ ర్యాలీ విజేత. ర్యాలీ అంటే పొలాల గట్ల మధ్య, ఘాట్ రోడ్ల మీద, గడియారంతో పోటీపడే పరుగు. అడ్డంగా ఏ ఎడ్లబండి వస్తుందో తెలియని ఆ దారుల్లో గెలిచినవాడి కొడుక్కి వేగం అంటే భయం తక్కువే ఉంటుంది. కోయంబత్తూరు స్టేన్స్ స్కూల్లో చదువుతూనే అతను తన ఆశయం చెప్పేశాడు. ఫార్ములా వన్‌కు పోవాలి. అప్పటికి ఆ పోటీలను మన దేశంలో టీవీలో చూసినవారే అరుదు.

ఇంగ్లండు మెట్లు

1992లో ఫ్రాన్సులోని వైన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్లో చేరాడు. మరుసటి ఏడు ఇక్కడ ఫార్ములా మారుతి నడిపి, ఇంగ్లండు వెళ్లి అక్కడి చిన్న తరగతి పందేల్లో దిగాడు. 1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ చలికాలపు సిరీస్ గెలిచాడు. యూరప్‌లో ఒక చాంపియన్‌షిప్ నెగ్గిన తొలి భారతీయుడు అతనే. 1996లో ఫార్ములా ఏషియా టైటిల్ కూడా చేజిక్కింది.

ఆ తర్వాతి మెట్టు బ్రిటిష్ ఫార్ములా త్రీ. ఫార్ములా వన్ యజమానులు కుర్రాళ్లను ఏరుకునే సంత అప్పట్లో అదే. 1998లో ట్రెవర్ కార్లిన్ జట్టుతో అందులో అడుగుపెట్టి, 1999లో బ్రాండ్స్ హాచ్‌లో రెండు విజయాలతో ఆరో స్థానంలో, 2000లో స్టీవర్ట్ జట్టు తరఫున నాలుగో స్థానంలో నిలిచాడు. అదే ఏడు మకావ్‌లో పోల్ పొజిషన్ సాధించాడు, కొరియా సూపర్ ప్రి గెలిచాడు. మకావ్ వీధులు ఇరుకు. గోడకూ చక్రానికీ మధ్య బెత్తెడు సందు కూడా ఉండదు. అక్కడ అందరికన్నా ముందు నిలవడం ఆషామాషీ కాదని పందేలు తెలిసినవారు ఒప్పుకుంటారు.

2001 జూన్ 14న సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ జట్టు కారు నడిపి, ఫార్ములా వన్ కారులో కూర్చున్న తొలి భారతీయుడయ్యాడు. అయితే టెస్టు వేరు, సీటు వేరు. సీటుకు డబ్బు కావాలి. 2004 సీజనుకు మినార్డి జట్టు పిలిచింది గానీ స్పాన్సర్ల సొమ్ము కూడక చేయి జారిపోయింది. ఆ రెండు మూడేళ్లూ నిస్సాన్ వరల్డ్ సిరీస్‌లో పందేలు గెలుస్తూ, టాటాల వంటి సంస్థల అండ కూడగట్టుకుంటూ గడిపాడు. మన పెళ్లిళ్లలో పిల్ల నచ్చినా కట్నం దగ్గర మాట ఆగిపోయినట్టే, ఈ ఆటలోనూ చివరి మాట చెక్కుబుక్కుదే. ఈ కట్నం మాత్రం చేరేది కారు యజమానికి.

జోర్డాన్, ఆపైన కోలెస్

2005 ఫిబ్రవరి 1న జోర్డాన్ జట్టు అతన్ని తీసుకున్నట్టు ప్రకటించింది. మార్చి 6న మెల్‌బోర్న్‌లో తొలి పందెం. పన్నెండో స్థానం నుంచి మొదలుపెట్టి పదిహేనోవాడిగా ముగించాడు. జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్లు ఆ ట్రాకు వంపును తట్టుకోలేవని తేలడంతో, ఆ టైర్లు వాడే జట్లన్నీ ఒక చుట్టు తిరిగి పక్కకు తప్పుకున్నాయి. ట్రాకు మీద ఆరు కార్లే మిగిలాయి. నరైన్ నాలుగోవాడు. అతని 5 పాయింట్లూ ఆ ఒక్క రోజువే. ఆరుగురే పరుగెత్తిన పందెంలో వచ్చిన పాయింట్లని కొందరు తీసిపారేస్తారు. తప్పుకున్నవారి తప్పుకు పరుగెత్తినవాడు బాధ్యుడెలా అవుతాడు? అయితే అది అతని సత్తాకు కొలత అనడమూ పొరపాటే.

ఆ ఏడు జోర్డాన్ జట్టును నడిపిన కాలిన్ కోలెస్ అనే మనిషి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. రుమేనియాలో పుట్టిన జర్మన్. చదువు ప్రకారం దంతవైద్యుడు. డబ్బు చాలని జట్లను ఎలాగోలా సీజను చివరిదాకా ఈడ్చుకురావడంలో దిట్ట. 2005లో జోర్డాన్, 2009లో ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పందెం, 2011లో స్పెయిన్ జట్టు హెచ్‌ఆర్‌టీ: నరైన్‌కు దొరికిన ఈ మూడు పెద్ద సీట్లకూ తలుపు తీసినవాడు ఇతనే. మూడు చోట్లా కారు పాతదో, బలహీనమో అయ్యుండేది.

2006, 2007లలో విలియమ్స్ జట్టుకు టెస్ట్ డ్రైవర్. అంటే వారమంతా కారును సానబట్టి ఆదివారం పందెం మాత్రం పక్కన నిలబడి చూడడం. ఆ కరువు తీర్చింది ఏ1 గ్రాండ్ ప్రి. దేశాలకు దేశాలే జట్లుగా ఆడిన ఆ సిరీస్‌లో 2007 డిసెంబరులో చైనాలోని జుహాయ్‌లో, 2008లో బ్రాండ్స్ హాచ్‌లో భారత్‌ను గెలిపించాడు.

లెమాన్ 2009: గోడ మీంచి ఒక దూకు

లెమాన్ 24 గంటల పందెం ఎంతటిదో తెలంగాణలోని మా ధర్మపురి వాళ్లకు ఇలా చెప్పవచ్చు. ఇక్కడి నుంచి జగిత్యాలకు దాదాపు ముప్పై కిలోమీటర్లు. లెమాన్ ట్రాకు అప్పట్లో ఒక చుట్టు 13.629 కిలోమీటర్లు. దాన్ని పెద్ద కార్లు మూడున్నర నిమిషాల్లో తిరుగుతాయి. అంటే గోదావరి ఒడ్డున గుడి దగ్గర బయల్దేరితే ఏడెనిమిది నిమిషాల్లో జగిత్యాల బస్టాండు. మన బస్సు ఆ సమయానికి ఊరు దాటితే గొప్ప. అలా ఒక మధ్యాహ్నం మూడు గంటల నుంచి మరునాటి మూడింటి దాకా, రాత్రి చీకట్లో కూడా ఆగకుండా సాగాలి. 2009లో గెలిచిన ప్యూజో 382 చుట్లు, అంటే 5,200 కిలోమీటర్లకు పైగా తిరిగింది. ధర్మపురి నుంచి హైదరాబాదుకు పదకొండు సార్లు పోయి వచ్చినా ఇంతకు మించదు.

ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు కనుక ముగ్గురు డ్రైవర్లు వంతులు వేసుకుంటారు. ఇక్కడే ఫార్ములా వన్‌కూ దీనికీ అసలు తేడా. ఫార్ములా వన్‌లో సీటును డ్రైవర్ ఒంటి కొలతలకు పోత పోస్తారు, అది వేరేవాడికి పట్టదు. లెమాన్ కారులో సీటు ఉమ్మడిది. పొట్టివాడు తన నడుము కింద సొంత దిండులాంటి పెంకు పెట్టుకుని కూర్చుంటాడు, దిగేటప్పుడు దాన్ని లాక్కుని దిగుతాడు. అప్పటి నిబంధనల ప్రకారం పెట్రోలో డీజిలో పోస్తున్నంత సేపు టైర్లు ముట్టకూడదు. ఆ సందులోనే డ్రైవర్ మారాలి. దిగినవాడు పక్కకు పారిపోడు. ఎక్కినవాడి బెల్టులు బిగించి, రేడియో తీగ, నీళ్ల గొట్టం తగిలించి, భుజం తట్టి తలుపు దగ్గర్నుంచి తప్పుకుంటాడు. నిన్నటిదాకా ప్రత్యర్థులైన ఇద్దరు ఇలా ఒకరి బెల్టులు ఒకరు బిగించే దృశ్యం ఈ పందేలకే సొంతం.

ఆ ఏడు కోలెస్ రెండు పాత ఆడి ఆర్10 టీడీఐ కార్లు తెచ్చాడు. 5.5 లీటర్ల, పన్నెండు సిలిండర్ల డీజిల్ ఇంజను వాటిది. 2006లో లెమాన్ గెలిచి, డీజిల్‌తో ఆ పందెం నెగ్గిన మొట్టమొదటి కారుగా పేరుపొంది, వరుసగా మూడేళ్లు గెలిచిన బండి. 2009 నాటికి ఆడి కొత్త మోడల్‌కు మారిపోవడంతో పాతవి కోలెస్ చేతికి వచ్చాయి. 14వ నంబరు కారులో ముగ్గురు: నెదర్లాండ్స్‌కు చెందిన చార్లెస్ జ్వోల్స్‌మన్, జర్మన్ ఆండ్రే లొట్టెరర్, నరైన్ కార్తికేయన్.

జూన్ 13న, పందెం మొదలవడానికి కాస్త ముందు, కార్లు ఆగే పిట్‌ల పక్క గోడ మీంచి కిందికి దూకుతూ నరైన్ పడ్డాడు. భుజం కీలు తప్పింది. 24 గంటల పందెంలో దిగిన తొలి భారతీయుడు కావలసినవాడు కారెక్కకుండానే మిగిలిపోయాడు. ఆ ఘనత మూడేళ్ల తర్వాత, 2012లో, కరుణ్ చందోక్‌కు దక్కింది. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంలో బతికి బయటపడినవాణ్ని ఒక గోడ దెబ్బతీయడం విచిత్రమే.

ముగ్గురు మోయాల్సిన బరువు ఇద్దరి మీద పడింది. లొట్టెరర్, జ్వోల్స్‌మన్ రాత్రంతా మార్చి మార్చి నడిపి కారును ఏడో స్థానంలో చేర్చారు.

భుజం తప్పినందుకు లాభపడ్డ జర్మన్

ఆండ్రే లొట్టెరర్ (జననం: 1981 నవంబరు 19, డూయిస్‌బర్గ్) అప్పటికి యూరప్‌లో పెద్దగా తెలిసినవాడు కాదు. బెల్జియంలో పెరిగి, జాగ్వార్ జట్టులో టెస్ట్ డ్రైవర్‌గా పనిచేసి, సీటు దొరక్క 2003లో జపాన్ చేరాడు. అక్కడి సూపర్ జీటీ అనే స్పోర్ట్స్ కార్ల సిరీస్‌లో 2006లో, 2009లో విజేత. లెమాన్‌లో అతనికి అదే మొదటిసారి. పాత కారుతో, మూడో మనిషి లేకుండా అతను చేసిన పరుగును ఆడి కంపెనీ గమనించింది. మరుసటి ఏడే ఫ్యాక్టరీ జట్టులోకి తీసుకుంది. 2011, 2012, 2014లలో మార్సెల్ ఫాస్లర్, బెన్వా ట్రెలుయే జోడీతో లెమాన్ మూడుసార్లు గెలిచాడు. 2012లో ఆ ముగ్గురూ ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్లు. తర్వాత పోర్షేకు మారి, 2024లో మళ్లీ ప్రపంచ టైటిల్ పంచుకున్నాడు.

లొట్టెరర్ ఫార్ములా వన్ చరిత్ర మాత్రం ఒకే ఒక్క పందెం. 2014లో బెల్జియంలో కేటర్‌హామ్ కారు. ఒక చుట్టు తిరిగాక ఆగిపోయింది. ఆ జట్టు వ్యవహారాల్లో అప్పుడు తలదూర్చినవాడు మళ్లీ మన కోలెసే! ఆ లెక్కన చూస్తే ఫార్ములా వన్‌లో లొట్టెరర్‌ది ఒక్క పందెం, నరైన్‌వి 46 పందేలు. లెమాన్‌లో లొట్టెరర్‌వి మూడు కిరీటాలు, నరైన్‌ది కారెక్కని మధ్యాహ్నం. ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అని తేల్చబోతే ఫార్ములా వన్ పట్టిక ఎంత చాలని కొలబద్దో తెలుస్తుంది.

జర్మనీలో ఇలాంటి డ్రైవర్లు ఎందుకు పుట్టుకొస్తారంటే అక్కడ వాళ్లకు జీతమిచ్చే వ్యవస్థ ఉంది. ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, పోర్షే నాలుగూ ఆ దేశపు కంపెనీలే. రోడ్డు మీద అమ్మే కారు పోలికతో పందెపు కారు కట్టి పోటీ పడితే సోమవారం షోరూములో బేరం పెరుగుతుందని వాటి నమ్మకం. అలా 1984లో మొదలైంది డీటీఎం అనే జర్మన్ టూరింగ్ కార్ల సిరీస్. ఖర్చులు మితిమీరి 1996తో ఆగి, 2000లో మళ్లీ లేచింది. ఫార్ములా వన్ దాకా పోలేనివాడికీ, పోయి తిరిగొచ్చినవాడికీ అందులో నెలజీతపు కొలువు దొరుకుతుంది. రెనె రాస్ట్ ఆ వ్యవస్థ తయారు చేసిన మనిషి. 1986లో మిండెన్‌లో పుట్టాడు. పోర్షే కప్పుల్లో ఆరితేరాడు. స్పా 24 గంటల పందెం 2012లోనూ 2014లోనూ, నూర్బుర్‌గ్రింగ్ 24 గంటలది 2014లోనూ గెలిచాడు. 2017, 2019, 2020లలో డీటీఎం విజేత. ఫార్ములా వన్‌లో ఒక్క పందెమూ నడపలేదు, అయినా ఇరవై ఏళ్లుగా ఆ వృత్తి మీదే బతుకుతున్నాడు. మన దేశంలో నరైన్ తరం వాళ్లకు మధ్యలో ఆగే ఇలాంటి మజిలీ లేదు. ఎక్కితే శిఖరం, లేకపోతే ఇంటికి.

అమెరికా, స్పెయిన్, ఒక దోసకాయ

2010లో నరైన్ అమెరికా వెళ్లి నాస్‌కార్ ట్రక్ సిరీస్‌లో దిగాడు. పికప్ బళ్ల ఆకారంలో ఉండే ఆ కార్లు కోడిగుడ్డు ఆకారపు ట్రాకుల మీద ఒకదాన్నొకటి రాసుకుంటూ పరుగెడతాయి. మార్టిన్స్‌విల్‌లో తొలి ప్రయత్నంలోనే పదమూడోవాడయ్యాడు. ఏడాది చివర అభిమానులు ఓట్లేసి అత్యంత ఇష్టమైన డ్రైవర్‌గా ఎన్నుకున్నారు. అక్కడి ప్రవాస భారతీయుల చేతి వేళ్లు కంప్యూటర్ల మీద బాగానే ఆడినట్టున్నాయి!

2011లో హెచ్‌ఆర్‌టీ ద్వారా ఫార్ములా వన్‌కు తిరిగొచ్చాడు. ఎనిమిది పందేల తర్వాత ఆ సీటును డానియల్ రికార్డోకు ఇచ్చారు. అక్టోబరు 30న నోయిడా దగ్గర బుద్ధ్ ట్రాకులో జరిగిన తొలి భారత గ్రాండ్ ప్రికి మాత్రం మళ్లీ పిలిచారు. పదిహేడో స్థానంలో ముగించాడు. 2012లో మళ్లీ సీజనంతా అదే జట్టు.

ఆ ఏడు మలేషియా పందెంలో వాన. మిగిలినవాళ్లు తేలిక టైర్లతో మొదలెడితే హెచ్‌ఆర్‌టీ ముందుచూపుతో గట్టివాన టైర్లు వేసింది. పందెం తాత్కాలికంగా ఆపే సమయానికి ఆ బక్క కారు పదో స్థానంలో ఉంది. తిరిగి మొదలయ్యాక జెన్సన్ బటన్ వచ్చి గుద్దుకుని తన కారు ముందు రెక్క విరగ్గొట్టుకున్నాడు. చివర్లో సెబాస్టియన్ వెటెల్ దాటుతుండగా నరైన్ కారు రెక్క తగిలి అతని వెనుక టైరు చిరిగింది. ఒకే పందెంలో ఇద్దరు ప్రపంచ విజేతలతో రాపిడి. నరైన్‌కు 20 సెకన్ల శిక్ష పడింది. వెటెల్ కోపంతో జర్మన్ టీవీతో మాట్లాడుతూ అతన్ని దోసకాయతో పోల్చాడు. నడపడం రాని డ్రైవర్‌ను జర్మన్లు అలా తిడతారట. మన పత్రికల్లో వారం రోజులు ఆ దోసకాయే వార్త. పదో స్థానంలో నిలిచిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ ఏడాది చివర హెచ్‌ఆర్‌టీ మూతపడింది. నరైన్ ఫార్ములా వన్ కథ కూడా దాంతోనే ముగిసింది.

జపాన్: ఆరేళ్ల కొలువు

2013లో ఆటో జీపీ సిరీస్‌లో ఐదు పందేలు గెలిచి, 2014లో జపాన్ చేరాడు. అయిదేళ్లపాటు సూపర్ ఫార్ములాలో ఒక్క సీటు కార్లు నడిపాడు. 2019లో తొలిసారిగా సూపర్ జీటీకి మారాడు. ఫార్ములా వన్‌లో నడిచిన తొలితరం జపనీయుల్లో ముఖ్యుడైన సతోరు నకజిమా జట్టు అది. 64వ నంబరు హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ కారు. తోడు తదాసుకే మకినో అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు. సొంత సీటుకు అలవాటుపడ్డ మనిషి 42వ ఏట ఉమ్మడి కాపురంలోకి దిగాడన్నమాట. సీటు ఎత్తు దగ్గర్నుంచి బ్రేకు గట్టిదనం దాకా ప్రతిదీ ఇద్దరికీ మధ్యేమార్గంగా కుదరాలి. తనకు నచ్చినట్టు కారును మలుచుకునే హక్కు వదులుకోవాలి. సూపర్ జీటీలో టైరు కంపెనీలు కూడా పోటీ పడతాయి. ఆ జట్టుది డన్‌లప్. సీజన్ మొత్తం మీద ఆ జోడీ ఫలితాలు అంతంత మాత్రం.

నవంబరులో ఆ లెక్క మారింది. డీటీఎం, సూపర్ జీటీ రెండూ ఏళ్ల తరబడి మాట్లాడుకుని, రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను వంటి ఉమ్మడి నిబంధనలకు దగ్గరయ్యాయి. ఆ చెలిమికి గుర్తుగా నవంబరు 23, 24 తేదీల్లో ఫుజీలో డ్రీమ్ రేస్ పెట్టారు. జర్మనీ నుంచి ఏడు కార్లు వచ్చాయి. ఆడి తరఫున ఆ ఏటి విజేత రెనె రాస్ట్, మైక్ రాకెన్‌ఫెలర్, లొయిక్ డ్యువాల్, లొట్టెరర్ పాత జోడీ ట్రెలుయే. బీఎండబ్ల్యూ తరఫున మార్కో విట్‌మన్, కముయి కొబయాషి, రెండు కాళ్లూ పోగొట్టుకున్నా చేతులతోనే కారు నడిపిన అలెక్స్ జనార్డి. జపాన్ వైపు హోండా, నిస్సాన్, లెక్సస్ కార్లు పదిహేను. అందరికీ ఒకే కంపెనీ టైర్లు, హాన్‌కుక్‌వి. టైర్లు సమానమయ్యేసరికి ఏడాదంతా వెనకబడిన 64వ నంబరు కారుకు ప్రాణం లేచొచ్చింది.

రోజుకొక పందెం. ఒక్కో పందేనికి ఒక్కడే డ్రైవర్. శనివారం మకినో, ఆదివారం నరైన్. శనివారం న్యూజిలాండ్ వాడు నిక్ క్యాసిడీ లెక్సస్‌తో గెలిచాడు. ఆదివారం కారు నరైన్ చేతికొచ్చింది. ఆనాటి ఎన్‌ఎస్‌ఎక్స్‌లో మిగిలిన కార్లలా కాకుండా ఇంజను డ్రైవర్ వీపు వెనక ఉండేది. ఫుజీలో పిట్ల ముందు దాదాపు కిలోమీటరున్నర పొడవైన తిన్నని దారి. దాని చివర ఒక్కసారిగా బ్రేకు తొక్కి కుడికి తిప్పాలి. అందరినీ నెమ్మదింపజేసే సేఫ్టీ కారు మళ్లీ మళ్లీ రావడం, మళ్లీ గుంపుగా మొదలవడం. ప్రతిసారీ ఆ తిన్నని దారి చివర, ఎవరు ఆఖరి క్షణం దాకా బ్రేకు తొక్కకుండా ఉంటారన్న దగ్గరే గెలుపోటములు తేలేది. ఫార్ములా త్రీ రోజుల్లో మకావ్ గోడల మధ్య నేర్చిన విద్య అక్కడ అక్కరకొచ్చింది. గీత దాటేటప్పుడు ముందున్నది 64వ నంబరే.

భారత పత్రికల్లో ఆ వార్తకు దక్కిన చోటు దోసకాయకు దక్కినదానిలో పదోవంతు కూడా లేదు. అది చాంపియన్‌షిప్ పందెం కాదు, ప్రదర్శన పందెమే. ఆ మాట నిజమే. అయినా అక్కడ దిగినవారిలో సరదాగా కారు నడిపే మనుషులెవరూ లేరు, కార్లు దాదాపు సమానం, డబ్బు తెచ్చినవాడికి సీటిచ్చే పద్ధతీ లేదు. నరైన్‌కు ఇలాంటి సమానమైన బరి జీవితంలో ఎన్నిసార్లు దొరికిందో లెక్కపెట్టాలంటే ఒక చేతి వేళ్లు చాలు.

తర్వాత

2021 ఫిబ్రవరిలో ఏషియన్ లెమాన్ సిరీస్‌లో రేసింగ్ టీమ్ ఇండియా పేరుతో నరైన్, బెంగళూరు కుర్రాడు అర్జున్ మైనీ, భారతీయ మూలాలున్న నవీన్ రావు ఒకే కారు పంచుకున్నారు. మైనీ అదే ఏడు డీటీఎంలో అడుగుపెట్టి, అందులో నడిచిన తొలి భారతీయుడయ్యాడు. తర్వాత అతను చేరిన జర్మన్ జట్టు పొట్టిపేరూ హెచ్‌ఆర్‌టీయే. స్పెయిన్ హెచ్‌ఆర్‌టీకీ దీనికీ పేరులో తప్ప ఏ పోలికా లేదు. నరైన్ కోయంబత్తూరులో వాడిన ద్విచక్ర వాహనాలు బాగుచేసి అమ్మే డ్రైవ్‌ఎక్స్ సంస్థ పెట్టాడు. తర్వాత టీవీఎస్ అందులో వాటా కొంది.

తెలంగాణలో పందెపు కార్ల హోరు 2022 చివర్లో వినబడింది. ఇండియన్ రేసింగ్ లీగ్ హుస్సేన్ సాగర్ ఒడ్డున వీధులనే ట్రాకుగా మార్చింది. ఇటలీలో తయారైన వుల్ఫ్ స్పోర్ట్స్ కార్లు. ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్లు. అంటే మన దగ్గరికొచ్చిన పందెమూ ఉమ్మడి సీటుదే. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టులో హైదరాబాదీ కొండా అనిందిత్ రెడ్డితో పాటు, 2016లో లెమాన్ గెలిచిన స్విస్ డ్రైవర్ నీల్ జానీ ఉన్నాడు. 2017లో పోర్షే కారులో లొట్టెరర్‌తో సీటు పంచుకున్నవాడే ఈ జానీ. 2024లో ఆ జట్టును నటుడు అక్కినేని నాగచైతన్య కొన్నాడు.

2023 ఫిబ్రవరి 11న అదే వీధుల్లో, 2.83 కిలోమీటర్ల ట్రాకు మీద ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ ప్రపంచ పందెం జరిగింది. 2013 భారత గ్రాండ్ ప్రి తర్వాత దేశంలో జరిగిన తొలి ప్రపంచ స్థాయి కారు పందెం అది. పెట్రోలు కార్ల చెవులు పగిలే మోత ఆశించి గోడ పక్కన నిలబడ్డవారికి సైకిల్ డైనమో రాపిడి లాంటి ఈల మాత్రమే వినిపించింది. ఫ్రెంచి డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ జరగాల్సింది రద్దయింది.

వెర్న్ వెనకాల రెండో స్థానంలో వచ్చినవాడు నిక్ క్యాసిడీ, ఫుజీలో శనివారం గెలిచిన మనిషి. ఫుజీకి ఆడితో వచ్చిన రెనె రాస్ట్ మెక్‌లారెన్ కారులో, లెమాన్‌లో నరైన్ వంతు కూడా మోసిన ఆండ్రే లొట్టెరర్ ఆండ్రెట్టి కారులో, లుంబినీ పార్కు పక్క మలుపులు తిరిగారు.